వేగం తగ్గిస్తే ఇంధనం ఎంత మిగులుతుంది? హనుమకొండ–హైదరాబాద్ దారిలో ఒక లెక్క

జనగామ దాటి పెంబర్తి వైపు వెళ్తుంటే రోడ్డు తిన్నగా, నున్నగా సాగుతుంది. ఒకరోజు పొద్దున్నే హనుమకొండ నుంచి హైదరాబాద్ వెళ్తూ, ముందు ఎవరూ లేని ఆ దారిలో కారును కాసేపు 80లో, కాసేపు 100లో నిలకడగా నడిపి చూశాను. స్టీరింగ్ వెనుక చిన్న తెర మీద అప్పటికప్పుడు మైలేజీ ఎంత వస్తోందో కనిపిస్తుంది. 80 దగ్గర అది లీటరుకు 20 కిలోమీటర్ల చుట్టూ ఊగింది. 100కు చేరి కుదురుకున్నాక 17 దగ్గరికి దిగింది. కాలు కాస్త సడలిస్తే మళ్లీ పైకి పాకింది. అదే కారు, అదే రోడ్డు, ఏసీ కూడా అలాగే ఉంది. మారింది వేగం ఒక్కటే.

పశ్చిమాసియాలో యుద్ధమో, ముడిచమురు ధరల మంటో వచ్చినప్పుడల్లా ఏదో ఒక దేశంలో ఈ ప్రతిపాదన లేస్తుంది: జాతీయ రహదారులపై వేగ పరిమితి తగ్గిద్దాం, ఇంధనం మిగులుతుంది. వెంటనే వాదన రెండుగా చీలుతుంది. కోట్ల లీటర్లు ఆదా అవుతాయని ఒకరు, మిగిలేది అర శాతమేనని ఇంకొకరు. ఇద్దరి దగ్గరా అంకెలున్నాయి, ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు లెక్క వేస్తున్నది ఒక కారుకు, మరొకరు వేస్తున్నది దేశం మొత్తానికి. ఒక కారు లెక్క దేశం లెక్కగా మారేలోపు ఏమేం జారిపోతుందో చూస్తేనే ఈ గందరగోళం విడిపోతుంది.

బోర్డు మీది వేగం, మీటరులోని వేగం, ప్రయాణపు వేగం

వేగ పరిమితి అంటే చట్టం ఒప్పుకునే గరిష్ఠ వేగం. అంత వేగంతో వెళ్లి తీరాలని కాదు. నిలకడ వేగం అంటే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మనం పట్టుకుని సాగే వేగం. సగటు వేగం అంటే మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగిస్తే వచ్చేది. హనుమకొండ నుంచి ఉప్పల్ దాకా సుమారు 135 కిలోమీటర్లు. టోల్ గేట్లు, ఊళ్లు, ఉప్పల్ రద్దీ అన్నీ కలిపి రెండున్నర గంటలు పడితే, మధ్యలో మీటరు ఎన్నిసార్లు 100 తాకినా సగటు 54 మాత్రమే. ఈ మూడింటినీ కలగలిపి మాట్లాడటం వల్లే సగం వాదనలు దారి తప్పుతాయి.

2018 ఏప్రిల్‌లో కేంద్రం పెంచి ప్రకటించిన పరిమితుల ప్రకారం, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు గంటకు 100 కిలోమీటర్లు, బస్సుకు 90, సరుకు వాహనాలకు 80, ద్విచక్ర వాహనాలకు 80, ఆటోలకు 50. ఎక్స్‌ప్రెస్‌వే మీద కారుకు 120. ఇవి పైకప్పులు మాత్రమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రాష్ట్రాలు అంతకన్నా తక్కువ పెట్టుకోవచ్చు. ఈ పెంపును మద్రాసు హైకోర్టు 2021లో కొట్టివేసింది. ఆ తీర్పు ఆలోచించింది ఇంధనం గురించి కాదు, ప్రాణాల గురించి. ఆ సంగతి తర్వాత చూద్దాం. 2019 జూలై తర్వాత తయారైన కార్లు 80 దాటగానే అప్పుడప్పుడూ కూస్తాయి, 120 దాటితే ఆగకుండా కూస్తాయి. అదీ భద్రత కోసం పెట్టిందే.

చక్రం దగ్గర ఏం జరుగుతుంది

చదునైన రోడ్డు మీద నిలకడగా పోతున్న కారును ప్రధానంగా రెండు శక్తులు వెనక్కి లాగుతాయి. మొదటిది టైర్లు. ప్రతి చుట్టులోనూ టైరు నేలకు ఆనిన చోట నలిగి మళ్లీ లేస్తుంది, ఆ నలుగుడుకు కొంత శక్తి పోతుంది. వేగంతో అది పెద్దగా మారదు, బరువును బట్టి ఉంటుంది. రెండోది గాలి. చెయ్యి కిటికీ బయట పెడితే మనకే తెలుస్తుంది: ఊరి వీధిలో గాలి నిమురుతుంది, హైవే మీద చేతిని వెనక్కి విసిరేస్తుంది. గాలి అడ్డు వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలు.

అంకెల్లో చూద్దాం. మనుషులతో కలిపి 1200 కిలోల బరువున్న మామూలు కారు అనుకోండి. అర్థం కావడం సులువని లాగే బలాన్ని కిలోల తూకంలోనే చెబుతాను. టైర్ల లాగుడు సుమారు 14 కిలోలు, ఏ వేగంలోనైనా దాదాపు అంతే. గాలి లాగుడు 60 దగ్గర 11 కిలోలు, 80 దగ్గర 20, 100 దగ్గర 32, 120 దగ్గర 46. రెండూ కలిపితే 60లో 25, 80లో 34, 100లో 46, 120లో 60 కిలోలు. అంటే 60 దాకా టైరుదే పైచేయి. 80కి వచ్చేసరికి గాలి టైరును దాటిపోతుంది. 120 దగ్గర నాలుగింట మూడు వంతుల పని గాలిని చీల్చడానికే పోతుంది.

100 నుంచి 80కి దిగితే చక్రాల దగ్గర ప్రతి కిలోమీటరుకూ కావలసిన పని 46 నుంచి 34కు తగ్గింది. నాలుగో వంతు పైగా ఆదా. వేగం తగ్గించాలనే వారి వాదనకు పునాది ఇదే. ఇందులో ఎవరికీ పేచీ లేదు.

పెట్రోలు బంకు దగ్గర నాలుగో వంతు ఎందుకు కనిపించదు

నా కారు తెర మీద మాత్రం 17 నుంచి 20కే పెరిగింది. ఇంధనంలో చూస్తే అది 15 శాతం ఆదా. మిగతా పది శాతం ఇంజనులోనే పోయింది. పెట్రోలు ఇంజను భారం మీద ఉన్నప్పుడు పొదుపుగా పనిచేస్తుంది, తేలికపాటి పని అప్పగిస్తే దాని సామర్థ్యం పడిపోతుంది. లోపలి రాపిడి, పంపులు, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ అడిగేది అడుగుతూనే ఉంటాయి. అందుకే చక్రం దగ్గర మిగిలినదంతా ట్యాంకులో మిగలదు.

మరీ నెమ్మదిగా వెళ్తే ఇంకా మిగులుతుందా అంటే, అదీ కాదు. కిందికి దిగేకొద్దీ ఈ స్థిరమైన ఖర్చులే పెద్దవవుతాయి. ఏసీ ఒక్కటే తీసుకోండి. అది కిలోమీటరు లెక్కన కాదు, గంట లెక్కన తాగుతుంది. మే నెలలో వరంగల్‌లో 44 డిగ్రీల ఎండలో 40 వేగంతో వెళ్తే, 80తో పోలిస్తే కిలోమీటరుకు ఏసీ ఖర్చు రెట్టింపు. అందుకే ప్రతి కారుకూ అతి తక్కువ ఇంధనంతో సాగే వేగం ఒకటి మధ్యలో ఉంటుంది. పై గేరులో, ఇంజను తడబడకుండా సాగే వేగం అది. పెట్రోలియం సంరక్షణ పరిశోధన సంఘం ఏళ్లుగా చెబుతూ వస్తున్నది 45–55. కొత్త కార్లలో అది కాస్త ఎగువన ఉండవచ్చు. ఎక్కడున్నా 80 దాటాక మైలేజీ పడిపోవడం మాత్రం దాదాపు అన్ని కార్లకూ ఒకటే.

విద్యుత్ కార్లలో ఈ కథ ఇంకా సూటిగా కనిపిస్తుంది. మోటారు తక్కువ భారంలో కూడా బాగానే పనిచేస్తుంది కాబట్టి, గాలి దగ్గర మిగిలింది చాలావరకు బ్యాటరీలోనే మిగులుతుంది. ఛార్జింగ్ ఎక్కడ దొరుకుతుందోనని బెంగపడే విద్యుత్ కారు యజమాని ఎవరూ చెప్పకుండానే 80కి దిగడం అందుకే.

యాదగిరిగుట్ట నుంచి వరంగల్ దాకా: 93 రూపాయలు, 15 నిమిషాలు

163వ నంబరు జాతీయ రహదారిలో యాదగిరిగుట్ట నుంచి వరంగల్ దాకా నాలుగు వరుసలుగా విస్తరించిన భాగం 99 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా 100లో వెళ్తే 59 నిమిషాలు, 80లో వెళ్తే 74 నిమిషాలు. తేడా పావుగంట. ఇంధనం 100 దగ్గర 5.82 లీటర్లు, 80 దగ్గర 4.95 లీటర్లు. తేడా 0.87 లీటరు. లీటరు 107 రూపాయలని వేసుకుంటే 93 రూపాయలు.

ఇది లాభమా, నష్టమా? ఒక్కరే వెళ్తుంటే పావుగంటకు 93 రూపాయలు, అంటే గంటకు 370 రూపాయల చొప్పున సంపాదించినట్టు. చాలామందికి ఇది మంచి బేరమే. కారులో నలుగురుంటే ఒక్కొక్కరి పావుగంటకు దక్కేది 23 రూపాయలు. ఉద్యోగానికి ఆలస్యమవుతున్న మనిషికి, ఆసుపత్రికి పెద్దవాళ్లను తీసుకెళ్తున్న కొడుక్కి ఆ 23 రూపాయలు లెక్కలోకే రావు. వ్యతిరేకించేవారి మాట ఇక్కడ బలమైనది: సమయం కూడా ఖర్చే, దాని విలువ అందరికీ ఒకటి కాదు, దాన్ని ఒకే బోర్డుతో నిర్ణయించడం న్యాయమా?

అయితే ఈ లెక్కలో ఒక లొసుగుంది. ‘ఎక్కడా ఆగకుండా’ అన్నాను. కోమళ్ల టోల్ గేటు, ఊళ్ల దగ్గర కూడళ్లు, కుడి వరుసను పట్టుకుని కదలని లారీలు ఉన్న రోడ్డు మీద 100 పట్టుకునే దూరం మొత్తంలో సగమే కావచ్చు. అప్పుడు పోయే సమయం ఏడెనిమిది నిమిషాలు, మిగిలే డబ్బు నలభై అయిదు రూపాయల చిల్లర. ఆశ పడినంత లాభమూ లేదు, భయపడినంత ఆలస్యమూ లేదు.

ఒక కారు నుంచి దేశం దాకా

మన దేశంలో 2023–24లో డీజిల్ వాడకం దాదాపు 9 కోట్ల టన్నులు, పెట్రోలు దాదాపు 3.7 కోట్ల టన్నులు. ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. అందుకే 15 శాతం ఆదా అనే మాట వినగానే ఆశ పుడుతుంది. ఆ 15 ఎలా కరుగుతుందో చూడండి.

పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింద పనిచేసే ప్రణాళిక, విశ్లేషణ విభాగం చేయించిన సర్వే ఒకటి 2014లో విడుదలైంది. పాతదే అయినా, ఎవరు ఎంత తాగుతున్నారో చెప్పడానికి ఇప్పటికీ పనికొస్తుంది. దాని ప్రకారం పెట్రోలులో 61 శాతం ద్విచక్ర వాహనాలదే, కార్లది 34 శాతం. డీజిల్‌లో లారీల వంటి సరుకు వాహనాలది 28 శాతం, వ్యవసాయానిది 13, బస్సులది పదికి కాస్త తక్కువ.

ఇప్పుడు పెట్రోలుకు మూడు వడపోతలు పెడదాం. కార్ల వాటా 34 శాతం. అందులో 80 దాటి నిజంగా పరిగెత్తే దూరాలకు ఖర్చయ్యేది ఐదో వంతు అనుకుందాం. ఇది నా ఊహ, మీరు మార్చి చూసుకోవచ్చు. దానిలో 15 శాతం మిగులుతుంది. మూడింటినీ గుణిస్తే ఒక శాతం. బోర్డు మారిన రోజునే అందరూ మాట వినరు కదా, సగం మందే వింటే అర శాతం. కారులో 15గా కనిపించినది దేశానికి వచ్చేసరికి అర అయింది. రెండు వర్గాల చేతుల్లో ఉన్న రెండు అంకెలూ ఇవే.

ఆ అర శాతం కూడా చిన్న సంగతి కాదు. 3.7 కోట్ల టన్నుల్లో అర శాతమంటే 1.85 లక్షల టన్నులు, సుమారు 25 కోట్ల లీటర్లు. దీన్ని పెద్దదిగా చూపాలనుకునేవారు లీటర్లలో చెబుతారు, చిన్నదిగా చూపాలనుకునేవారు శాతాల్లో చెబుతారు. వార్తలో ఒకటే కనిపిస్తే రెండోది మీరే వేసుకోండి.

చేసి చూసిన దేశాలు

1973లో అరబ్ దేశాలు చమురు సరఫరా బిగించినప్పుడు ఇది తొలిసారి పెద్ద ఎత్తున ప్రయోగమైంది. జర్మనీ తన ఆటోబాన్ల మీద 100 పరిమితి పెట్టి నాలుగు నెలలకే ఎత్తేసింది. బ్రిటన్ గంటకు 50 మైళ్లకు దించి మరుసటి ఏడాదే పాత పరిమితికి వెళ్లింది. అమెరికాలో 1974 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో దేశమంతటా 55 మైళ్ల పరిమితి వచ్చింది. అంటే సుమారు 88 కిలోమీటర్లు. అది 1987లో కొంత సడలి, 1995 దాకా నిలిచింది. ఇంధనం ఎంత మిగిలిందన్న దానిపై వచ్చిన అంచనాలు ఒకటి రెండు శాతాలకు మించలేదు. విశాలమైన రోడ్ల మీద జనం ఆ పరిమితిని లెక్కచేయకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

2011 మార్చిలో లిబియా సంక్షోభంతో చమురు ధర ఎగసినప్పుడు స్పెయిన్ 120ని 110కి తగ్గించింది. కొత్త బోర్డులు చేయించే తీరిక లేక, పాత అంకెల మీద స్టిక్కర్లు అంటించారు. జూన్ ఆఖరుకు వాటిని పీకేశారు. తగ్గిన వాడకంలో ఎంత స్టిక్కరు వల్ల, ఎంత ధర మంట వల్ల అన్నది అక్కడ పెద్ద తగాదాగా మిగిలింది. ధర పెరిగితే జనం ఎలాగూ తక్కువ తిరుగుతారు కాబట్టి ఆ రెండింటినీ విడదీయడం కష్టం.

ఐరోపా పర్యావరణ సంస్థ వేసిన లెక్క ఈ చిక్కునంతా ఒక్క వాక్యంలో పెట్టింది. 120 నుంచి 110కి దించితే, అందరూ పాటించి నిలకడగా నడిపితే కార్లలో 12 నుంచి 18 శాతం ఆదా. మామూలు మనుషులు మామూలుగా నడిపితే 2 నుంచి 3 శాతం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత అంతర్జాతీయ ఇంధన సంస్థ ఇచ్చిన పది సూచనల్లో మొదటిది కూడా ఇదే: సంపన్న దేశాలు హైవే వేగాన్ని 10 కిలోమీటర్లు తగ్గిస్తే కార్ల నుంచి రోజుకు 2.9 లక్షల పీపాలు, లారీల నుంచి మరో 1.4 లక్షల పీపాలు మిగులుతాయని. ప్రపంచం రోజుకు తాగే సుమారు 10 కోట్ల పీపాల్లో ఇది అర శాతం కన్నా తక్కువ. మళ్లీ అదే అర శాతం.

మన రోడ్డు మీద బ్రేకు తినే పెట్రోలు

జర్మనీ ఆటోబాన్ మీద వేసిన లెక్కను తెచ్చి మన హైవే మీద పరిచేస్తే సరిపోదు. కోతల కాలంలో వరంగల్ దాటి ఏ దారి పట్టినా ఒక దృశ్యం తప్పదు. ఎడమ వరుసలో అర కిలోమీటరు పొడవునా వడ్లు ఆరబోసి ఉంటాయి. చుట్టూ బండరాళ్లు వరుసగా పేర్చి, ఒక ముసలాయన కాలితో వడ్లను తిరగేస్తూ ఉంటాడు. ఆరబెట్టుకోవడానికి చాలినంత కల్లం ఉంటే ఆయన లారీల పక్కన నిలబడే పని పెట్టుకోడు. వెనుక నుంచి 100లో వస్తున్న కారు బ్రేకు కొడుతుంది, 30కి దిగుతుంది, దాటాక మళ్లీ ఎత్తుకుంటుంది.

ఆ ఒక్క బ్రేకు ఖర్చెంత? 1200 కిలోల కారు 100 వేగంతో ఉన్నప్పుడు దానిలో ఉన్న చలన శక్తిని బ్రేకుతో వేడిగా మార్చి గాలిలో కలిపి, మళ్లీ ఇంజనుతో పుట్టించాలంటే సుమారు 50 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. అర గ్లాసు టీ అంత. పూర్తిగా ఆగకుండా 30కి దించినా పదింట తొమ్మిది వంతులు పోయినట్టే, ఎందుకంటే ఈ శక్తి కూడా వేగపు వర్గంతోనే నడుస్తుంది. అలా ఇరవై సార్లు జరిగితే దాదాపు లీటరు. ఇందాక 100 నుంచి 80కి దిగి పోగేసిన 0.87 లీటరు మొత్తం బ్రేకుల పాలవుతుంది.

ఇందులోనే రెండో సంగతి ఉంది. 80లో వచ్చేవాడు అదే చోట బ్రేకు వేసి ఆగితే పోయేది 50 కాదు, 32 మిల్లీలీటర్లు. పైగా దూరం నుంచే చూసి కాలు వదిలేసే వ్యవధి అతనికి ఉంటుంది కాబట్టి ఆ 32 కూడా పూర్తిగా పోదు. కాబట్టి మన రోడ్ల మీద వేగం తగ్గించడం వల్ల వచ్చే ఆదాలో కొంత గాలి నుంచి కాదు, బ్రేకు నుంచి వస్తుంది. అలాగే అడ్డంకులు తొలగించినా, గొర్రెల మందలకు కిందుగా దారి కట్టినా, సర్వీసు రోడ్లు పూర్తి చేసినా, ఏ బోర్డూ మార్చకుండానే ఇంధనం మిగులుతుంది.

ప్రాణాల లెక్క

ఇక్కడ నా అభిప్రాయం దాచను. వేగ పరిమితి ఇంధన విధానంగా బలహీనమైనది, భద్రతా విధానంగా చాలా బలమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సూత్రం ఒకటుంది: సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుంది. ఇంధనంలో ఒకటికి ముప్పావుగా కనిపించే లాభం ప్రాణాల దగ్గర ఒకటికి నాలుగు అవుతుంది. అమెరికాలో 1973లో రోడ్డు మరణాలు సుమారు 54 వేలు, పరిమితి వచ్చిన 1974లో సుమారు 45 వేలు. చమురు కొరతతో తిరుగుడు తగ్గడం కూడా అందులో ఉంది కాబట్టి మొత్తం ఘనత బోర్డుకే ఇవ్వలేం. కానీ ఇంధనం కోసం తెచ్చిన ఆ చట్టం అన్నేళ్లు నిలవడానికి ఇంధనం కన్నా ఈ అంకెలే అండగా నిలిచాయి.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తోలుకొచ్చే కాలంలో రాత్రి పూట వెనుక లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ వెనుక పడ్డవారికి, 80కీ 100కీ తేడా ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఎవరి మాటలో ఎంత బరువు

పరిమితి తగ్గించమనే వారికి ఉన్న గట్టి బలం, ఇది రేపే చేయగలిగిన పని కావడం. కొత్త రైలు మార్గం వేయాలంటే ఏళ్లు పడుతుంది, బోర్డు మార్చడానికి రోజులు చాలు. చమురు నిజంగా కరవైన నెలల్లో అర శాతం కూడా అక్కరకొస్తుంది. వద్దనేవారి గట్టి బలం అమలు. నూరు అడుగుల వెడల్పు రోడ్డు వేసి 80 బోర్డు పెడితే, కొందరు 80లో, కొందరు 110లో వెళ్తారు. వేగాల మధ్య అంతరం పెరిగితే దాటివేతలు, బ్రేకులు పెరుగుతాయి, ఆదాలో కొంత అక్కడే కరుగుతుంది. దీనికి ఎదురుగా ఇంకో సంగతి ఉంది. మన దగ్గర లారీలు ఎలాగూ 50–60లో ఉంటాయి. కార్లు నిజంగా 80కి దిగితే రెండింటి మధ్య అంతరం తగ్గుతుంది. ఏది జరుగుతుందన్నది బోర్డు మీద కాదు, దాని వెనుక ఉన్న నిఘా మీద ఆధారపడుతుంది.

మూడో వర్గం అసలు ప్రశ్నే మార్చమంటుంది. హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు 135 కిలోమీటర్లు ఒక్కరే కారులో వెళ్తే ఎనిమిది లీటర్లు. లీటరుకు అయిదు కిలోమీటర్లు ఇచ్చే బస్సులో 45 మంది కూర్చుంటే మొత్తం 27 లీటర్లు, మనిషికి 0.6 లీటరు. కాజీపేటలో రైలెక్కితే ఇంకా మేలు. 80కి దిగిన కారు మిగిల్చేది లీటరు చుట్టూ, సీటు మారిన మనిషి మిగిల్చేది ఏడు లీటర్ల పైన. ఈ లెక్కకు ఎదురు లేదు. అయితే రాత్రి పదకొండుకు ఊరి దాకా బస్సు లేని మనిషికి ఈ లెక్క చెప్పి ప్రయోజనమూ లేదు.

ఈ వాదనలన్నీ కార్ల చుట్టూ తిరుగుతుంటే, ఎక్కువ డీజిల్ తాగే బండ్లు మాత్రం ఎప్పుడో తమ లెక్క తేల్చుకున్నాయి. కరీంనగర్ గ్రానైటు మోసే లారీలను చూడండి. 40 టన్నుల బండిని 80లో లాగడానికి కావలసిన బలంతో పోలిస్తే 60లో అయిదో వంతు దాకా తక్కువ. యజమానుల్లో చాలామంది ట్రిప్పుకు ఇన్ని లీటర్లని లెక్క కట్టి ఇస్తారు, మిగిల్చిన డీజిల్ డ్రైవరుదే అయ్యే ఒప్పందాలూ ఉన్నాయి. అలాంటి బండి నాలుగు వరుసల రోడ్డు ఖాళీగా ఉన్నా 55 దగ్గరే పాట పెట్టుకుని సాగిపోతుంది. దాని పరిమితి 80 అని చెప్పే బోర్డు పక్క నుంచే వెళ్తుంది.